ధర్మరాజు రథం నేలకు దిగిన లెక్క: రోల్ ప్లేయింగ్ ఆటల్లో అలైన్‌మెంట్

(బెంగళూరు మారతహళ్లిలో, తెలుగులో టేబుల్ నడిపే, అంటే కథ చెప్తూ ఆట నడిపించే గేమ్ మాస్టర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ క్యారెక్టర్ షీట్లు, అంటే ఆటగాడు ఆడే పాత్ర వివరాల కాగితాలు, ఒకసారి బయటికి తీయండి. పేరు, క్లాస్, లెవెల్ రాసే చోటే ఆ పాత్ర స్వభావం ఏమిటో చెప్పే అలైన్‌మెంట్ అనే చిన్న గడి ఉంటుంది. ఆట మొదలయ్యే ముందు అర నిమిషంలో నింపేస్తాం. మళ్లీ గొడవ వచ్చేదాకా దాని మొహం చూడం.

ఆ గొడవ ఎలా వస్తుందో మీకు తెలుసు. గోబ్లిన్ అనే పొట్టి రాక్షసజాతి ఖైదీ ఒకడు చేతులు కట్టేసి కూర్చుని ఉంటాడు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అబ్బాయి "గొంతు కోసేస్తున్నా" అంటాడు. పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడిన యోధుడి పాత్ర) ఆడే అమ్మాయి "నేనుండగా కుదరదు" అంటుంది. రోగ్ తన గడి చూపిస్తాడు: "నేను కేయాటిక్ న్యూట్రల్ అండీ, నా పాత్ర అంతే!" ఇక ముప్పావు గంట ఆట ఆగిపోతుంది. గోబ్లిన్ సంగతి అందరూ మర్చిపోతారు, ఆటగాళ్ల మధ్య మాత్రం మాట పడుతుంది.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ గడిని ఆట మొదట్లో నింపొద్దు. పాత్ర ఏ పని చేసింది, దాని ఖర్చు ఎవరి మీద పడింది అని చీటీ రాసుకుంటూ పోండి. మూడు నాలుగు సెషన్లయ్యాక, అంటే మూడు నాలుగుసార్లు ఆటకు కూర్చున్నాక, ఆ చీటీ చదివి గడి నింపండి. ఎందుకో, ఎలాగో చెప్తాను.

ముందు ఈ గడి ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అని ఒక యుద్ధక్రీడ నియమావళి తెచ్చారు. బొమ్మ సైనికులను బల్ల మీద మోహరించి ఆడే ఆట. దానికి ఫ్యాంటసీ అనుబంధం ఒకటి ఉంది. అందులో ప్రాణులన్నిటినీ లా (కట్టుబాటు), న్యూట్రల్ (రెంటికీ మధ్య), కేయాస్ (కట్టుబాటు లేనిది) అని మూడు వరసల్లో పెట్టారు. ఎవరు ఏ సైన్యంలో దిగవచ్చో చెప్పడానికే ఆ పట్టిక. కబడ్డీలో అటు జట్టా ఇటు జట్టా అన్నట్టు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్ ప్లేయింగ్ ఆట తెచ్చినప్పుడు ఆ మూడు వరసలే వచ్చి ఆటగాడి పాత్రకు అంటుకున్నాయి. జట్టు పేరు కాస్తా స్వభావం పేరైంది. ఇప్పటికీ మనం పడే తగాదాల్లో సగం ఈ మార్పులోంచి వచ్చినవే.

మంచి, చెడు అనే రెండో గీత తర్వాత వచ్చింది. 1976 ఫిబ్రవరిలో ది స్ట్రాటెజిక్ రివ్యూ పత్రికలో గైగాక్స్ ఒక వ్యాసం రాసి, లా-కేయాస్ గీతకు అడ్డంగా గుడ్-ఈవిల్ గీత గీశాడు. 1977 బేసిక్ సెట్‌లో అలైన్‌మెంట్లు అయిదు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనకు తెలిసిన తొమ్మిది గళ్లు: లా, న్యూట్రల్, కేయాస్ మూడిట్లో ఒకటి, గుడ్, న్యూట్రల్, ఈవిల్ మూడిట్లో ఒకటి కలిపి. ఆ రోజుల్లో ఈ గడికి పదునెక్కువ. ఒక్కో అలైన్‌మెంట్‌కు ఒక్కో రహస్య భాష ఉండేది. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్, అంటే పాత్ర బలంలో ఒక మెట్టు, పోతుంది. నెలల తరబడి ఆడి సంపాదించుకున్న లెవెల్‌ను గేమ్ మాస్టర్ ఒక్క తీర్పుతో లాగేసుకుంటే టేబుల్ మీద శాంతి ఎక్కడ ఉంటుంది? 2008 నాటి నాలుగో ఎడిషన్ తొమ్మిదిని మళ్లీ అయిదుకు కుదించింది. 2014 నాటి అయిదో ఎడిషన్ తొమ్మిదినీ వెనక్కి తెచ్చింది, కానీ నియమాల్లో వాటి బలం దాదాపు తీసేసింది.

ఇప్పుడు మన సమస్యకు వద్దాం. ఇది తెలుగు టేబుళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. లాఫుల్ గుడ్ అన్న మాటను తెలుగులో చెప్పమంటే అందరూ "ధర్మాత్ముడు" అంటారు. ధర్మం అన్న మాటలో కట్టుబాటూ ఉంది, మంచితనమూ ఉంది. రెండు గీతలూ ఒకే మాటలో ముడిపడిపోయాయి. అందుకే మన ఆటగాళ్లు లాఫుల్ అంటే మంచివాడు, కేయాటిక్ అంటే చెడ్డవాడు లేదా పిచ్చివాడు అనుకుంటారు. ఎన్నిసార్లు తొమ్మిది గళ్ల పటం చూపించినా ఆ ముడి విడిపోదు. టేబుల్ దగ్గర "ధర్మం" అన్న మాట పక్కన పెట్టండి. లా-కేయాస్ గీతకు "కట్టుబాటు – సొంత బుద్ధి" అని, గుడ్-ఈవిల్ గీతకు "పరుల కోసం – తన కోసం" అని వాడండి. అరాచకం అన్న మాట అసలే వద్దు. అది వినగానే ఆటగాడు సత్రానికి నిప్పు పెట్టడానికి సిద్ధమైపోతాడు.

రెండు గీతలూ వేరని చూపించడానికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. సీతను తేవడం తప్పని రావణుడి మొహం మీదే చెప్పిన తమ్ముళ్లు ఇద్దరు: కుంభకర్ణుడు, విభీషణుడు. తప్పొప్పుల దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. చెప్పినా అన్న వినలేదు. కుంభకర్ణుడు అన్న పక్షానే యుద్ధానికి వెళ్లి చచ్చిపోయాడు. విభీషణుడు అవతలి పక్షానికి వెళ్లిపోయాడు. ఒకడు కట్టుబాటు, ఒకడు సొంత బుద్ధి. ఇద్దరిలో ఎవరు మంచివాడన్న ప్రశ్న దీంతో తేలదు, అది ఇంకో గీత. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనవాళ్లు ఈ రోజుకీ విభీషణుణ్ణి ఎత్తిపొడుస్తూనే ఉన్నారు కదా, అదే సొంత బుద్ధికి పడే ఖర్చు. కుంభకర్ణుడికి పడిన ఖర్చు ప్రాణం. కొత్త ఆటగాడికి ఈ ఇద్దరి గురించి రెండు నిమిషాలు చెప్పండి, పటం అక్కర్లేదు.

అలైన్‌మెంట్ తప్పితే ఏం జరగాలి? దీనికి నేను చూసినంతలో అన్నిటికంటే బాగా కుదిరిన నియమం ద్రోణపర్వంలో ఉంది. ధర్మరాజు రథం ఎప్పుడూ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేది. ద్రోణుణ్ణి ఆపాలి. భీముడు అశ్వత్థామ అన్న పేరున్న ఏనుగును చంపాడు. "అశ్వత్థామ హతః" అని ధర్మరాజు గట్టిగా అన్నాడు, "కుంజరః" అన్నది వినపడకుండా అన్నాడు. ఆ క్షణంలో రథం నేలకు దిగింది.

దీన్ని గేమ్ మాస్టర్ కళ్లతో చూడండి. మొదటిది, ఆ మాట అనడం అంటే ఏమిటో ధర్మరాజుకు ముందే తెలుసు, తెలిసే అన్నాడు. తెలియక కాలు జారినవాణ్ణి పట్టుకుని శిక్షించిన సందర్భం కాదు. రెండోది, ఫలితం అప్పటికప్పుడు, అందరికీ కనపడేలా వచ్చింది. మూడోది, దాని పరిమాణం నాలుగు వేళ్లే. రథం విరగలేదు, గుర్రాలు చావలేదు, యుద్ధం చేసే శక్తి పోలేదు. ప్రత్యేకత ఒక్కటి పోయింది. నాలుగోది, ఆయన పేరు మారలేదు. ఆ తర్వాత కూడా ధర్మరాజే. ఒక్క పనితో గడి మారిపోలేదు, లెక్కలో ఒక పంక్తి పడింది. అయిదోది, ఆ పంక్తిని ఎవరూ కొట్టెయ్యలేదు. స్వర్గారోహణ పర్వంలో కాసేపు నరకం చూడాల్సి వచ్చింది, ద్రోణుడి విషయంలో చేసిన మోసానికే అని ఇంద్రుడు చెప్తాడు. పాలడిన్ ప్రమాణం తప్పినప్పుడు ఏం చెయ్యాలో తెలియకపోతే ఈ అయిదూ గుర్తు తెచ్చుకోండి.

ఇక స్పెల్స్, అంటే మంత్రాల సంగతి. ఇక్కడ ఏ ఎడిషన్ ఆడుతున్నారో చూసుకోవడం చాలా ముఖ్యం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్‌లో చెడును పసిగట్టే డిటెక్ట్ ఈవిల్ స్పెల్ 60 అడుగుల శంకువు ఆకారంలో పనిచేస్తుంది. మొదటి రౌండ్‌లో చెడు ఉందో లేదో తెలుస్తుంది, రెండో రౌండ్‌లో ఎన్ని ఉన్నాయో, అన్నిటికంటే బలమైనది ఎంత బలమైనదో, మూడో రౌండ్‌లో ఒక్కోటి ఎంత బలమైనదో, సరిగ్గా ఎక్కడ ఉందో. రౌండ్‌కు 6 సెకన్లు, అంటే మొత్తం 18 సెకన్లు. పాలడిన్ దాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఊళ్లో హత్య జరిగింది, హంతకుడెవరో కనుక్కోవాలని మీరు నెల రోజులు కూర్చుని కథ అల్లితే, పాలడిన్ సంత మధ్యలో నిలబడి 18 సెకన్లలో అనుమానితుల జాబితా చేతిలో పెడుతుంది. 3.5 ఆడేటప్పుడు ఇలాంటి కథ పెట్టదలిస్తే ఆ స్పెల్‌ను ఏవి ఆపుతాయో గుర్తుంచుకోండి: అడుగు మందం రాయి, అంగుళం మందం లోహం, పల్చటి సీసం రేకు, మూడడుగుల చెక్క లేదా మట్టి. అన్నిటికంటే మేలైన దారి, ఊళ్లో చెడ్డవాళ్లు చాలామంది ఉండేలా చూడటం. వడ్డీ వ్యాపారి కూడా చెడ్డవాడే, కల్తీ నూనె అమ్మేవాడూ చెడ్డవాడే. ఆ స్పెల్ చెడును చూపిస్తుంది, నేరాన్ని చూపించదు.

అయిదో ఎడిషన్‌లో దాదాపు అదే పేరుతో ఉన్న డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ స్పెల్ అసలు అలైన్‌మెంట్‌ను చూడదు. 30 అడుగుల లోపల అబెరేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్ అనే రకాల వింత ప్రాణులు ఉంటే చెప్తుంది. మనిషి ఎంత దుర్మార్గుడైనా దానికి ఆనడు. పాత అలవాటుతో "ఈ మంత్రి చెడ్డవాడా?" అని స్పెల్ వేసే ఆటగాళ్లకు ఈ తేడా మొదటి సెషన్‌లోనే చెప్పెయ్యండి. స్పెల్ స్లాట్ (మంత్రం వేసే అవకాశం) ఖర్చయ్యాక చెప్తే మోసపోయామనుకుంటారు.

వేరే ఆటలవాళ్లు ఈ గడిని ఎలా మార్చుకున్నారో రెండు చూపిస్తాను, ఎందుకంటే నేను చెప్పే చీటీ పద్ధతికి మూలాలు అక్కడే ఉన్నాయి.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ పెండ్రాగన్ తెచ్చాడు. ఆర్థర్ రాజు కాలం నాటి నైట్ల ఆట. అందులో స్వభావాలు 13 జతలు. దయ-క్రూరత్వం, నిజాయతీ-మోసం, వినయం-గర్వం, ఇలా. ప్రతి జత మొత్తం 20. దయ 16 అయితే క్రూరత్వం 4. ఓడిపోయిన శత్రువు కాళ్ల మీద పడ్డాడనుకోండి. ఇరవై ముఖాల డైస్ వేస్తారు. 16 లేదా అంతకంటే తక్కువ పడితే దయ చూపించాలి. ఎక్కువ పడితే క్రూరత్వం మీద ఇంకోసారి, 4 లేదా తక్కువ పడితే క్రూరంగా ప్రవర్తిస్తాడు. రెండూ తప్పితే ఆటగాడి ఇష్టం. స్వభావం 16కు చేరితే అది లోకానికి తెలిసిన గుణం, ఆ పాత్ర దాన్నుంచి తేలిగ్గా తప్పించుకోలేదు. చెప్పుకోదగ్గ పని చేసినప్పుడు ఆ గుణం పక్కన టిక్ పెట్టి, ఏడాది చివర శీతాకాలంలో డైస్ వేస్తారు. ఇప్పుడున్న అంకె కంటే ఎక్కువ పడితేనే ఒకటి పెరుగుతుంది. అంటే దయ 10 నుంచి 11కు సులువుగా వెళ్తుంది, 18 నుంచి 19కి వెళ్లడం కష్టం. చేసినదాన్ని బట్టి అంకె కదలడం నాకు ఇందులో నచ్చిన విషయం. నచ్చనిది, నా పాత్ర నిర్ణయం డైస్ తీసుకోవడం. కొంతమంది ఆటగాళ్లకు ఇది అస్సలు పడదు, వాళ్ల మీద రుద్దకండి.

అదే 1985లో కంప్యూటర్‌లో అల్టిమా నాలుగు వచ్చింది. నిజాయతీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అని ఎనిమిది గుణాలు. వాటి అంకెలు తెర మీద కనపడవు. మూలికలు అమ్మే గుడ్డి ఆవిడ ఉంటుంది. ధర చెప్తుంది, ఎంత ఇస్తున్నావో నువ్వే అంకె కొట్టాలి. తక్కువ కొట్టినా ఆవిడ ఏమీ అనదు, సరుకు ఇచ్చేస్తుంది. లోపల మాత్రం అంకెలు తగ్గుతాయి. అయిదారు నాణేల దగ్గర, ఎవరూ చూడని చోట పెట్టిన పరీక్ష ఇది. రాక్షసుణ్ణి చంపడంలో తేలని స్వభావం ఇక్కడ తేలుతుంది. మీ కథలో కూడా సెషన్‌కు ఒక గుడ్డి మూలికలావిడను పెట్టండి. అయితే ఇదే ఆటలో ఒక లోపం కూడా ఉంది. బిచ్చగాడికి మళ్లీ మళ్లీ నాణెం వేస్తూ కరుణ పెంచుకోవచ్చు. ఖర్చు లేని మంచికి అంకె ఇస్తే ఆటగాడు అంకె కోసమే మంచి చేస్తాడు. మన చీటీలో ఆ తప్పు జరగకూడదు.

ఇప్పుడు చీటీ. తయారీకి సెషన్ జీరోలో, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజున, పావుగంట చాలు. ప్రతి ఆటగాడినీ మూడు వాక్యాలు రాయమనండి. నా పాత్ర ఎవరికిచ్చిన మాట తప్పదు? ప్రాణం మీదికి వచ్చినా ఏ పని చెయ్యదు? ఎవరి కోసం తన డబ్బు, తన రక్తం ఖర్చు పెడుతుంది? మూడూ పేర్లతో, వివరాలతో ఉండాలి. "అమాయకుల కోసం" అని రాస్తే ఒప్పుకోవద్దు. "వాగు అవతలి జాలరి పేట కోసం" అని రాయించండి. 2023లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్ సవరణ అలైన్‌మెంట్‌ను పూర్తిగా తీసేసి చేయవలసినవి, చేయకూడనివి అనే రెండు జాబితాలు నిలబెట్టుకుంది. ఆ దారి సరైనదే.

తర్వాత మీ నోట్‌బుక్‌లో ఒక్కో పాత్రకు ఒక పేజీ. సెషన్‌కు పాత్రకు రెండు పంక్తులకు మించి రాయొద్దు. ఖర్చు లేని పని రాయనే వద్దు. రాజుగారి గాదె సన్నివేశం తీసుకుందాం. ఊరు కరువులో ఉంది, గాదె నిండా ధాన్యం ఉంది, తాళం తీస్తే రాజద్రోహం. కాపలా ఉంటామని పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల గుంపు, మాట ఇచ్చి ఉంది. ఆ సెషన్ చీటీ ఇలా ఉంటుంది:

పాలడిన్: తాళం పగలగొట్టింది, 30 బస్తాలు ఊరికి. మాట తప్పింది. ఖర్చు తనదే, కోటలో అడుగు పెట్టనివ్వరు.

ఫైటర్: కాపలా వదల్లేదు, పాలడిన్‌ను ఆపనూ లేదు. తన జీతం ఊరికి ఇచ్చేశాడు. మాట సగం నిలిచింది, ఖర్చు తనదే.

రోగ్: గందరగోళంలో 5 బస్తాలు దాచి అమ్ముకున్నాడు. మాట తప్పాడు. ఖర్చు ఊరివాళ్లది.

రెండే ప్రశ్నలు. ఖర్చు ఎవరు భరించారు? అది మంచి-చెడు గీత. ఇచ్చిన మాట నిలిచిందా? అది కట్టుబాటు గీత. న్యూట్రల్ ఎక్కడ అంటారా? 3.5 నియమాల్లోనే దానికి మంచి నిర్వచనం ఉంది: అమాయకుల్ని చంపడానికి చెయ్యి రాదు, కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం త్యాగమూ చెయ్యరు, తన అనుకున్నవాళ్ల కోసం చేస్తారు. మనలో చాలామందిమి అక్కడే ఉంటాం. ఒకసారి అటు, ఒకసారి ఇటు దెబ్బ వేస్తూ లోకాన్ని సమంగా ఉంచే తక్కెడ మనిషి న్యూట్రల్ అనుకుంటే ఆ పాత్రతో ఎవరూ కలిసి ప్రయాణం చెయ్యలేరు.

మూడు సెషన్ల తర్వాత పేజీ చదివి, ఆటగాడితో మాట్లాడి గడి నింపండి. తర్వాత గడి మారాలంటే ఒకే వైపు మూడు పంక్తులు పడాలి. ఒక్క పనితో మారాలంటే ఒకటే షరతు: డైస్ వెయ్యకముందు మీరు హెచ్చరించి ఉండాలి. "ఇది నీ ప్రమాణానికి విరుద్ధమని నీ పాత్రకు తెలుసు. అయినా చేస్తావా?" అని అడిగి, జవాబు విని, అప్పుడు ముందుకు వెళ్లండి. శక్తి పోయే ముందే అది తిరిగి వచ్చే దారి కూడా మీ నోట్‌బుక్‌లో ఉండాలి. ఆ దారి ఆలోచించకపోతే శక్తి తీయకండి. ఏ దారిలో వెళ్లినా ప్రమాణం తప్పేలా ఉచ్చు పన్ని పాలడిన్‌ను పడగొట్టడం గేమ్ మాస్టర్ చేసే అన్యాయాల్లో పెద్దది.

"నా పాత్ర అంతే" అన్న మాటకు జవాబు కూడా చీటీలోనే దొరుకుతుంది. తోటివాళ్ల సంచిలో దొంగతనం చేస్తే ఖర్చు తోటి ఆటగాళ్లు భరిస్తున్నారు. పాత్ర స్వభావం పేరుతో ఎదురుగా కూర్చున్న మనిషి ఆదివారం పాడు చేసే హక్కు ఏ గడీ ఇవ్వదు. అక్కడ ఆట ఆపి, పాత్రతో కాకుండా మనిషితో మాట్లాడండి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పాత పుస్తకాల్లో ఓర్క్ అనే రాక్షసజాతి అన్నా, గోబ్లిన్ అన్నా లాఫుల్ ఈవిల్, జాతి మొత్తానికి ఒకే గడి. పుట్టుకతోనే చెడ్డవాళ్లని ఒక జనాన్ని కాగితం మీద రాయడం ఎలాంటిదో మన తెలుగువాళ్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం కింద వెలిసిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952లో రద్దయినా, ఆ ఊరి పేరు చెబితే దొంగలు గుర్తొచ్చే అలవాటు ఇంకా పోలేదు. పుట్టగానే గడి నింపేస్తే జరిగేది అదే. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే ఆట ప్రపంచంలో డ్రాగన్ రంగు చూసి దాని బుద్ధి చెప్పలేరు. 2021 తర్వాత వచ్చిన కొన్ని పుస్తకాల్లో రాక్షసుల అలైన్‌మెంట్ ముందు "సాధారణంగా" అన్న మాట చేర్చారు. మీరు ఇంకో అడుగు వెయ్యండి. గోబ్లిన్ గుంపు రాస్తే దాని నాయకుడికి ఒక పంక్తి, పారిపోవాలని చూసేవాడికి ఒక పంక్తి రాసుకోండి. నరకం నుంచి వచ్చే ఫీండ్ విషయం వేరు, దాన్ని చెడుతోనే చేశారు. పిల్లల్ని కని, వంట వండుకునే ప్రాణికి మాత్రం చీటీ ఖాళీగానే మొదలవ్వాలి. మొదట చెప్పిన గోబ్లిన్ ఖైదీ కూడా అంతే. వాడి పేజీలో ఏముందో ముందు చూడండి, గొంతు సంగతి తర్వాత.

చివరిగా, మన ఊళ్లో రోజూ వచ్చే ఇబ్బంది. ఆరుగురు ఆడాల్సిన చోట సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ వల్లో, ఆఫీసు రిలీజ్ వల్లో నలుగురే వస్తారు. రానివాళ్ల పాత్రలను మీరు నడుపుతారు. వాళ్ల పేజీలో ఆ రోజు ఏ పంక్తీ రాయకండి. ఆ పాత్ర కాగడా పట్టుకుంటుంది, దెబ్బ తగిలినవాణ్ణి మోస్తుంది, కాపలా కాస్తుంది. గాదె తాళం ముందు మాత్రం దాని ఓటు అడగొద్దు. ఆటగాడు తిరిగొచ్చాక జరిగింది రెండు వాక్యాల్లో చెప్పి, "నువ్వు ఉంటే ఏం చేసేవాడివి?" అని అడగండి. ఆ జవాబును పెన్సిల్‌తో రాసుకోండి. నిజంగా ఆ పరిస్థితి ఎదురై, ఖర్చు పెట్టిన రోజున పెన్నుతో దిద్దుకోవచ్చు.